వయోజనదశలో ఆటిజం నిర్ధారణ: బాల్యసాక్ష్యం, తెలుగు పలుకుబడి, ధ్రువపత్రం

వ్యాససంగ్రహం

ముప్పై, నలభై ఏండ్ల వయసులో తనకు ఆటిజం ఉందేమోనన్న సందేహం కలిగిన వ్యక్తి వైద్యనిర్ధారణకు వెళ్లాలా, అక్కర్లేదా అన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ ఒక్క ప్రశ్నలో మూడు వేరువేరు నిర్ణయాలు ఇమిడి ఉన్నాయనీ, వాటిని కలగలిపి ఆలోచించడంవల్లే భయమూ జాప్యమూ పెరుగుతున్నాయనీ వ్యాసకర్త అభిప్రాయం. నిర్ధారణకు అవసరమైన బాల్యసాక్ష్యం ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దు పల్లెల్లో కాగితాలమీద కాక పెద్దల మాటల్లో ఉంది. ఆ మాటలను సేకరించవలసిన పద్ధతిని టేకులపల్లి ప్రాంత అనుభవం ఆధారంగా వివరించడమైనది.

కీలకపదాలు: ఆటిజం, స్వలీనత, వయోజన నిర్ధారణ, బాల్యసాక్ష్యం, చాదస్తం, వికలాంగుల హక్కుల చట్టం, టేకులపల్లి.

1. ప్రవేశిక

టేకులపల్లి ఇల్లందుకూ కొత్తగూడేనికీ నడుమ ఉన్న మండలకేంద్రం. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగేదాకా ఖమ్మం జిల్లాలో ఉండేది. ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. కోయ గూడేలు, లంబాడీ తండాలు, తెలుగు మాట్లాడే పల్లెలు ఒకదాని పక్కన ఒకటి ఉన్న అటవీప్రాంతం. వ్యాసకర్త బాల్యం ఇక్కడే గడిచింది. వేసవి వస్తే ఇప్పపువ్వు ఏరడం, తునికాకు కోసి కట్టలు కట్టడం, వానలు పడితే చేలపనులు. ఆ బాల్యాన్ని నెలలతో కాక పనులతోనే గుర్తుపెట్టుకోవడం అలవాటు.

ఈ వ్యాసానికి ప్రేరణ ఒక పూర్వవిద్యార్థిని అడిగిన ప్రశ్న. డిగ్రీలో తెలుగు చదివి, తర్వాత ప్రత్యేక విద్యలో బి.ఎడ్. పూర్తిచేసిన ఆమె ఒకరోజు కళాశాలకు వచ్చి, మాటల మధ్యలో, "సార్, మీరు ఆటిజం గురించి ఎప్పుడైనా చూపించుకున్నరా?" అంది. అందులో హేళన లేదు. పాఠం చెప్పేటప్పుడు ఎవరి ముఖమూ చూడకుండా వెనకగోడమీది గడియారంకేసి చూడడం, ఏడాది పొడుగునా ఒకే రంగు చొక్కాలు, అధ్యాపకుల గదిలో ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడితే లేచి గ్రంథాలయానికి వెళ్లిపోవడం, ఛందస్సు పాఠం మొదలైతే గంట కొట్టినా ఆపలేకపోవడం, ఇవన్నీ ఆమె మూడేండ్లు గమనించింది. "లేదమ్మా" అని మాట మార్చేసిన మాట నిజం. ఆ ప్రశ్న అడిగి రెండేండ్లయింది. ఈ రెండేండ్లలో చదివినదానిలో, ఆలోచించినదానిలో ఇతరులకు పనికొస్తుందనిపించిన భాగమే ఈ వ్యాసం.

ఇది వైద్యవ్యాసం కాదు. ఆటిజాన్ని చూపే రక్తపరీక్ష గానీ, తలకు తీసే స్కానింగు గానీ ఇప్పటివరకు లేవు. నిర్ధారణ అంతా ప్రవర్తనను గమనించడంమీద, గతాన్ని చెప్పించుకోవడంమీద నడుస్తుంది. గతాన్ని చెప్పడమంటే భాష. కాబట్టి ఇందులో తెలుగు పరిశోధకుడు చెప్పదగింది కొంత ఉంది.

2. పేరు వచ్చిన దారి

'తాను' అనే అర్థమున్న గ్రీకు పదంనుంచి స్విట్జర్లాండు వైద్యుడు ఆయ్‌గెన్ బ్లాయ్‌లర్ 'ఆటిజం' అన్న మాటను కల్పించాడు. 1911లో వచ్చిన ఆయన గ్రంథంలో అది స్కిజోఫ్రీనియాలోని ఒక లక్షణానికి పేరు. బాల్యంనుంచీ ఉండే ప్రత్యేక స్థితికి ఆ మాట తర్వాతి కాలంలో స్థిరపడింది. సోవియట్ వైద్యురాలు గ్రూన్యా సుఖరేవా 1925లో ఇలాంటి బాలురను వర్ణించింది. అమెరికాలో లియో కానర్ 1943లో 11 మంది పిల్లలమీద, వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ 1944లో రాసిన వ్యాసాలు ప్రసిద్ధం. జర్మన్ భాషలో మరుగునపడి ఉన్న ఆస్పెర్గర్ పరిశీలనను 1981లో బ్రిటన్ వైద్యురాలు లోర్నా వింగ్ ఆంగ్లపాఠకుల ముందుకు తెచ్చింది.

వయోజనులకు ముఖ్యమైన తేదీలు ఆ తర్వాతివి. చక్కగా మాట్లాడగలిగి, చదువుకోగలిగిన పిల్లలకు వర్తించే 'ఆస్పెర్గర్' విభాగం అమెరికా మానసిక వైద్యుల సంఘం ప్రచురించే నిర్ధారణ కరదీపికలో 1994లో చేరింది. 2013 నాటి అయిదవ కూర్పు ఆ విభాగాన్ని తీసివేసి, అన్నింటినీ 'ఆటిజం స్పెక్ట్రమ్' కిందికి తెచ్చింది. అంటే 1990లలో టేకులపల్లి బడిలో అక్షరాలు దిద్దిన పిల్లవాడికి నిర్ధారణ జరగకపోవడానికి ఊరి వెనకబాటును మాత్రమే తప్పుపట్టలేం. బోస్టనులోనైనా అప్పటికి ఆ నిర్వచనం వయసు నాలుగైదేండ్లే. నేడు నలభై దాటినవారి విషయంలో అదీ లేదు.

ఆస్పెర్గర్ గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోవడం సరికాదు. నాజీల పాలనలో ఆయన కొందరు పిల్లలను వియన్నాలోని ష్పీగెల్‌గ్రుండ్ సంస్థకు పంపాడనీ, అక్కడ వికలాంగులైన పిల్లలను చంపేవారనీ చరిత్రకారుడు హెర్విగ్ చెక్ 2018లో ఆధారాలతో చూపాడు. కొందరి తెలివిని మెచ్చుకొన్న కలమే మరికొందరి పేర్లు ఆ జాబితాలో రాసింది. నిర్ధారణ కాగితం ఎవరి చేతికి వెళుతుంది, దానితో వారేం చేయగలరు అన్న ప్రశ్నను అతిభయంగా కొట్టిపారేయకూడదనడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

3. 'నలుగురిలో కలవడు': తెలుగు మాటలు ఏం చూశాయి?

ఈ స్థితికి తెలుగులో పేరు లేదంటారు. నిజానికి ఒక్క పేరు లేదు, అనేకం ఉన్నాయి. టేకులపల్లి ప్రాంతంలో మాటలు ఆలస్యంగా వచ్చినవాడు ఎడ్డోడు. మాటలు వచ్చి కూడా నోరు విప్పనివాడు ముంగి. అనుకున్న వరుస తప్పితే అదుపు తప్పేవాడు తిక్కలోడు. ఎదుటివారి ఎకసెక్కం పట్టుకోలేక పైమాటనే నమ్మేవాడు అమాయకుడు. మనసులో ఉన్నది ముఖానే అనేసేవాడు లౌక్యం తెలియనివాడు. చేసిందే చేస్తూ, చెప్పిందే చెప్తూ, చిన్న నియమాన్ని కూడా వదలనివాడు చాదస్తపు మనిషి.

ఈ చివరి మాట మనవంటివారికి దగ్గరిది. ఛందస్సు అంటే వేదం. వేదాధ్యయనంలో మునిగి లోకవ్యవహారం పట్టనివాడు ఛాందసుడు. ఆ ఛాందసత్వమే వాడుకలో చాదస్తమైంది. నియమంపట్ల పట్టుదల, ఒకే విషయంమీద ఎడతెగని ఆసక్తి, లోకం తీరు తెలియకపోవడం, ఈ మూడూ ఒకే మనిషిలో కలిసి ఉంటాయన్న గమనింపు ఆ ఒక్క మాటలో ఉంది. పండితకుటుంబాల్లో, ఆలయాల్లో, పాత పాఠశాలల్లో అలాంటి మనిషికి చోటు ఉండేది. ఆ చోటును ఇప్పుడు 'ఆటిజం' అని పిలిచి, గతించిన పండితులకు రోగనిర్ధారణ చేసే ధోరణి కొన్నిచోట్ల కనిపిస్తోంది. అది సరైన పద్ధతి కాదు. చాటుకథలు సాక్ష్యం కావు, చనిపోయినవారు ప్రశ్నలకు జవాబు చెప్పలేరు.

పై మాటలన్నింటినీ పక్కపక్కన పెడితే ఆధునిక వైద్యం చెప్పే లక్షణాల్లో చాలాభాగం వచ్చేస్తుంది. కానీ మన పలుకుబడి వాటిని ఒకే స్థితికి చెందిన ముఖాలుగా కాక, వేరువేరు స్వభావాలుగా చూసింది. ఒక్కొక్క మాటలో కొంత వాత్సల్యమూ కొంత తప్పుపట్టడమూ ఉన్నాయి. ఇక 'నలుగురిలో కలవడు' అన్నప్పుడు ఆ నలుగురు ఎవరు? నలుగురు ఏం అనుకుంటారో అన్నప్పుడు కూడా వాళ్లే. కలుపుగోలుతనం మన సమాజంలో గుణం మాత్రమే కాదు, అర్హత. కలవలేకపోవడం కలవనివాడి లోపమేనని భాషే ముందుగా తీర్పు చెప్పేస్తుంది. 2012లో బ్రిటన్ సామాజిక శాస్త్రవేత్త డామియన్ మిల్టన్ ఈ తీర్పును ప్రశ్నించాడు. ఆటిజం ఉన్నవారికి ఇతరులు అర్థం కానట్టే, ఇతరులకు వారూ అర్థం కారనీ, లోపం ఇరువైపులా ఉందనీ ఆయన వాదన. ఆయన కూడా ఆటిజం ఉన్న వ్యక్తే.

ఆడపిల్లల విషయంలో మన మాటలు మరింతగా దారి తప్పిస్తాయి. మగపిల్లవాడు తలెత్తి చూడకపోతే 'ఏమైంది వీడికి' అంటారు. ఆడపిల్ల తలెత్తకపోతే 'ఎంత అణకువ' అంటారు. చుట్టాలొస్తే లోపలి గదిలోకి పోయే పిల్ల సిగ్గరి. ఏ లక్షణాన్ని చూసి అనుమానించాలో ఆ లక్షణాన్నే మెచ్చుకొని పెంచితే, ఆమె నలభై ఏండ్ల వయసులో అలసిపోయి ఆసుపత్రికి వచ్చేదాకా ఎవరికీ తట్టదు.

'స్వలీనత' అన్న మాటగురించి కూడా ఇక్కడే చెప్పాలి. హిందీలో వాడే ఈ పదం తెలుగులోకీ వచ్చింది. సంస్కృతవ్యుత్పత్తి ప్రకారం దోషం లేదు. కానీ తెలుగులో 'లీనం' అంటే తన్మయత్వం. తనలో తాను లీనమైనవాడు అనే చిత్రం యోగికి సరిపోతుంది. ఆటిజం ఉన్న మనిషి తరచుగా తనలో కాక రైలు సమయాల్లో, ఆకుల ఈనెల్లో, గణాలూ యతుల్లో లీనమై ఉంటాడు. ఈ వ్యాసంలో 'ఆటిజం' అన్న మాటనే వాడడానికి కారణం ఇది.

4. ప్రమాణాలు అడిగేది, ఊరు దాచేది

2013 నాటి కరదీపిక రెండు గుంపుల లక్షణాలను అడుగుతుంది. మొదటిది సామాజిక సంభాషణకు సంబంధించింది: ఇచ్చిపుచ్చుకొనే మాటతీరు, చూపు హావభావాలవంటి మాటలేని సంజ్ఞలు, సంబంధాలను ఏర్పరచుకొని నిలుపుకోవడం. ఈ మూడింటిలోనూ ఇబ్బంది ఉండాలి. రెండవ గుంపులో నాలుగు ఉన్నాయి: ఒకే కదలికను గానీ మాటను గానీ తిరిగి తిరిగి చేయడం, మార్పును భరించలేకపోవడం, అసాధారణమైన గాఢతగల ఆసక్తులు, శబ్దం వెలుగు స్పర్శలవంటివాటికి అతిగా లేదా మందంగా స్పందించడం. వీటిలో కనీసం రెండు ఉండాలి. వీటివల్ల నిత్యజీవితానికి చెప్పుకోదగ్గ ఇబ్బంది కలగాలి. అన్నింటికంటే ముఖ్యంగా, ఇవి బాల్యారంభంనుంచే ఉండి ఉండాలి.

ఆ చివరి షరతుకు కరదీపికలోనే ఒక సడలింపు ఉంది. సమాజం అడిగేది వ్యక్తి శక్తిని మించేదాకా లక్షణాలు పూర్తిగా బయటపడకపోవచ్చు. నేర్చుకున్న ఉపాయాలు వాటిని కప్పిపుచ్చవచ్చు. వయోజన నిర్ధారణ అంతా ఈ వాక్యంమీదే ఆధారపడి ఉందంటే అతిశయోక్తి కాదు.

మన పల్లెలు ఆ కప్పిపుచ్చడానికి బాగా తోడ్పడతాయి. ఎవరిని ఏ వరుసతో పిలవాలో పుట్టకముందే నిర్ణయమై ఉంటుంది. ఎదురైన పెద్దమనిషిని 'బాగున్నవా మామా, తిన్నవా' అంటే చాలు, సంభాషణ పూర్తయినట్టే. పెద్దల కండ్లలోకి సూటిగా చూడకపోవడం మర్యాద. పెండ్లికి ఎక్కడ కూర్చోవాలో, చావుకు ఏం మాట్లాడాలో, ఎంతసేపు మాట్లాడకుండా ఉండాలో అందరికీ తెలుసు. రాసిపెట్టిన నాటకంలా సాగే ఇలాంటి జీవితంలో పాత్ర తెలిసినవాడు తడబడడు. అదే మనిషి విశ్వవిద్యాలయ వసతిగృహానికి వచ్చి, ఏ వరుసా లేని నలుగురితో ఒక గదిలో ఉండవలసివచ్చినప్పుడు అసలు ఇబ్బంది బయటపడుతుంది. వ్యాసకర్త అనుభవం ఇదే. ఊళ్లో పద్దెనిమిదేండ్లు ఎవరూ తప్పుపట్టలేదు. హాస్టల్లో పద్దెనిమిది రోజులు పట్టలేదు.

అంతర్జాలంలో దొరికే స్వీయపరీక్షలను ఈ దృష్టితోనే చూడాలి. కేంబ్రిడ్జి పరిశోధకులు 2001లో ప్రకటించిన 50 ప్రశ్నల పట్టిక వీటిలో ప్రసిద్ధం. 32 లేదా అంతకు మించి మార్కులు వస్తే పరిశీలన అవసరమని దాని సూచన. విందుకన్నా గ్రంథాలయానికి వెళ్లడం ఇష్టమా, మ్యూజియంకన్నా నాటకశాల ఇష్టమా అన్న ధోరణిలో కొన్ని ప్రశ్నలు ఉన్నాయి. మేడారం జాతరకు ఊరంతా బండ్లు కట్టుకొని కదులుతుంటే 'నీకిష్టమా' అని ఎవరూ అడగరు. వెళ్లడమే ఉంటుంది. ఇష్టాన్ని ఎంచుకొనే వీలు లేనిచోట ఇష్టాన్ని అడిగే ప్రశ్న ఏం కొలుస్తుంది? పైగా, పుస్తకాలతో బతికే తెలుగు అధ్యాపకుడు గ్రంథాలయమే ఇష్టమంటే అది వృత్తిస్వభావమా, నాడీస్వభావమా? ఇలాంటి పట్టికలు సందేహాన్ని కొంత పదునుపెట్టగలవు. అంతకుమించి వాటిని నమ్మకూడదు.

5. ఒక ప్రశ్నలో మూడు నిర్ణయాలు

'వెళ్లాలా వద్దా' అని మథనపడేవారు మూడు విషయాలను ఒకటిగా చుట్టి మోస్తుంటారు. తన్ను తాను అర్థం చేసుకోవడం ఒకటి. వైద్యుని ముందు కూర్చొని నిర్ధారణ పొందడం మరొకటి. ప్రభుత్వంనుంచి వైకల్య ధ్రువపత్రం తీసుకోవడం మూడవది. మొదటిదానినుంచి రెండవదానికి, రెండవదానినుంచి మూడవదానికి తప్పనిసరిగా వెళ్లాల్సిన పనిలేదు. ఎక్కడైనా ఆగవచ్చు. 'ఆసుపత్రికి పోతే పేరు ఎక్కుతుంది, పేరు ఎక్కితే ఉద్యోగం, చెల్లెలి సంబంధం' అంటూ ఇంట్లో వచ్చే గొలుసు ఊహ ఈ మూడింటినీ వేరుచేయకపోవడంవల్ల పుట్టిందే.

మొదటిదానిగురించి చెప్పవలసింది తక్కువ. అది ఎవరి అనుమతీ అక్కర్లేనిది. గదిలో శబ్దం ఎక్కువైతే బయటికి రావడానికి, ముఖాముఖి మాట్లాడలేనిది రాసి ఇవ్వడానికి ఏ కాగితమూ అక్కర్లేదు. ప్రమాదం ఒక్కటే: కొత్తగా దొరికిన పేరుతో జీవితంలోని ప్రతి వైఫల్యాన్నీ వివరించాలనే ఉత్సాహం. సిద్ధాంతం దొరికిన కొత్త పరిశోధకుడు ప్రతి కావ్యంలోనూ దాన్నే చూడడంవంటిది ఇది.

రెండవదానివల్ల లాభం ఏమిటన్నది న్యాయమైన ప్రశ్న. ఆటిజాన్ని తీసివేసే మందు లేదు, తీసివేయాలా అన్నదే చర్చనీయాంశం. అయినా వైద్యుణ్ని కలవడానికి రెండు బలమైన కారణాలు ఉన్నాయి. ఒకటి, ఆటిజంలా కనిపించే ఇతర స్థితులు. సామాజిక భీతి, ఒత్తిడివల్ల పదేపదే ఒకే పని చేయించే ఓసీడీ, అవధానలోపం, చిన్నప్పుడు ఎవరూ గుర్తించని వినికిడి లోపం, వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. తనది ఆటిజమని తనంతట తానే తేల్చుకున్నవాడు చికిత్స ఉన్న బాధను చికిత్సలేనిదిగా భరిస్తూ ఉండిపోవచ్చు.

రెండవ కారణం మరింత గంభీరమైనది. 2014లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో వచ్చిన బ్రిటన్ అధ్యయనం, పెద్దయ్యాక ఆస్పెర్గర్ నిర్ధారణ పొందిన 374 మంది వివరాలు పరిశీలించింది. నిర్ధారణకు ముందు ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయని వారిలో 66 శాతం చెప్పారు. అది ఒక ఆసుపత్రికి వచ్చినవారి లెక్క, అందరికీ వర్తించేది కాదు. కానీ దశాబ్దాలపాటు నలుగురిలా నటించి అలసిపోయిన మనిషికి దిగులు తోడవడం అరుదు కాదని అది చెబుతుంది. అలాంటి ఆలోచనలు ఉన్నవారు ఆటిజం సంగతి తేలేదాకా ఆగకూడదు. టెలిమానస్ 14416 నంబరులో తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు. కొత్తగూడెం, ఖమ్మం ప్రభుత్వ ఆసుపత్రుల మానసిక వైద్యుణ్ని కలవడానికి ఆటిజం అన్న మాట చెప్పాల్సిన అవసరం కూడా లేదు. నిద్ర పట్టడం లేదంటే చాలు, మాట మొదలవుతుంది.

పెద్దల ఆటిజం నిర్ధారణలో అనుభవమున్నవారికోసం మాత్రం ఇక్కడివాళ్లు హైదరాబాదుదాకా పోవలసి ఉంటుంది. ఒక్కసారితో తేలదు. ప్రయాణం, సెలవు, తోడుగా రావలసిన తల్లి వయసు, ఇవన్నీ నిర్ణయంలో భాగాలే. వాటిని సాకులుగా కొట్టివేయడం నగరవాసుల అలవాటు.

6. ధ్రువపత్రం

1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం లేదు. 1999 జాతీయ ట్రస్టు చట్టంలో చేరింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో అది ఒకటి. అయితే ఆ చట్టం అనుబంధంలో ఆటిజం 'బౌద్ధిక వైకల్యం' అన్న శీర్షిక కింద ఉంది. డాక్టరేటు ఉన్న అధ్యాపకుడు ధ్రువపత్రం తీసుకుంటే ఏ శీర్షిక కిందికి వస్తాడో చూడండి. ఇది చట్టం రాసినవారి వర్గీకరణ సమస్యే తప్ప వైద్యసత్యం కాదు. ఆటిజం ఉన్నవారందరికీ బౌద్ధిక వైకల్యం ఉండదు. కానీ కార్యాలయంలో గుమాస్తా చదివేది శీర్షికనే.

వైకల్యశాతాన్ని లెక్కించడానికి వాడే భారతీయ కొలమానం మన సికిందరాబాదులోనే తయారైంది. మనోవికాస్‌నగర్‌లోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థ దీన్ని రూపొందించింది. ఆ సంస్థ పేరు ఇప్పుడు మారింది. కొలమానంలో 40 అంశాలు ఉన్నాయి. ఒక్కొక్కదానికి 1నుంచి 5 మార్కులు. మొత్తం 70 కంటే తక్కువ వస్తే ఆటిజం లేనట్టు, 70నుంచి 106 దాకా స్వల్పం, 107నుంచి 153 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. చిరునవ్వుకు చిరునవ్వు ఇవ్వకపోవడం, ఒంటరిగా ఒకే ఆట ఆడడం, వంతుకోసం ఆగలేకపోవడంవంటి అంశాలను చూస్తే అది ప్రధానంగా పిల్లలను దృష్టిలో పెట్టుకొని చేసిందని తెలుస్తుంది. ఇరవై ఏండ్లు నటన నేర్చిన అధ్యాపకుడికి అందులో ఎన్ని మార్కులు వస్తాయి? వైద్యుడు ఆటిజం ఉందని చెప్పి, కొలమానం లేదని చెప్పే అవకాశం ఉంది. రెండవ నిర్ణయమూ మూడవ నిర్ణయమూ ఒకటి కావనడానికి ఇది మరో నిదర్శనం.

ధ్రువపత్రంతో వచ్చేవి తక్కువేమీ కాదు. 40 శాతం వైకల్యం నమోదైతే 34వ సెక్షన్ కింద ప్రభుత్వ ఉద్యోగాల రిజర్వేషనుకు అర్హత లభిస్తుంది. మొత్తం 4 శాతంలో ఆటిజం, బౌద్ధిక వైకల్యం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు కలిసి ఒక్క శాతాన్ని పంచుకుంటాయి. ఇంకా ఉద్యోగం రాని పరిశోధక విద్యార్థి ఈ లెక్క వేసుకోవడంలో సిగ్గుపడవలసింది లేదు. ఉద్యోగంలో ఉన్నవారి లెక్క వేరు. వారికి కావలసింది తరచుగా చిన్న చిన్న సర్దుబాట్లు: నిశ్శబ్దమైన గది, మౌఖికంగా కాక రాతపూర్వకంగా ఆదేశాలు, సభానిర్వహణనుంచి మినహాయింపు. చట్టం వీటిని 'సహేతుక సర్దుబాటు' అంటుంది. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, పరీక్షలో రాసిపెట్టే లేఖరి సహాయానికి 40 శాతం హద్దును తప్పనిసరి చేయరాదనీ, సహేతుక సర్దుబాటు హక్కు ఆ హద్దుకు కట్టుబడదనీ చెప్పింది. ఆ కేసు ఆటిజానిది కాకపోయినా సూత్రం ఉపయోగపడుతుంది.

ధ్రువపత్రం తీసుకుంటే సంతకం చేసే హక్కు పోతుందనీ, సంరక్షకుణ్ని పెడతారనీ ఊళ్లలో ఒక భయం ఉంది. జాతీయ ట్రస్టు చట్టంలో సంరక్షకుని నియామకం ఉన్న మాట నిజమే. కానీ అది ఎవరో దరఖాస్తు చేసి, స్థానిక కమిటీ అవసరముందని తేల్చితే జరిగేది. కాగితం వచ్చినంత మాత్రాన జరగదు.

చట్టం వివక్షను నిషేధిస్తుంది, చూపులను నిషేధించలేదు. పదోన్నతి దగ్గర, పెండ్లిమాటల దగ్గర ఎవరూ రాసి చూపని వివక్ష ఉంటుంది. ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు అన్నది కూడా ఆ వ్యక్తి నిర్ణయమే. నిర్ధారణ పొందడం వేరు, ప్రకటించడం వేరు.

7. పెద్దలను అడగడం

ఇక ఈ వ్యాసంలో ముఖ్యమనుకొన్న విషయం. వెళ్లాలా వద్దా అన్నది ఈ ఏడు తేలకపోయినా నష్టంలేదు. బాల్యాన్ని చూసినవారి మాటలను సేకరించడం మాత్రం వాయిదా వేయకూడదు. నగరంలో పుట్టినవారికి పిల్లల వైద్యుడి దస్త్రాలు, బడి నివేదికలు, వీడియోలు ఉండవచ్చు. టేకులపల్లివంటిచోట మిగిలేది బదిలీ ధ్రువపత్రం. అందులో 'ప్రవర్తన: బాగు' అని ఉంటుంది. అసలు దస్త్రం అమ్మ, మేనత్త, ఆ కాలపు పంతులుగారు. వారికి ఇప్పుడు అరవైలు, డెబ్బైలు.

క్షేత్రపరిశోధనలో మనం నేర్చుకున్న పద్ధతులు ఇక్కడ నేరుగా పనికివస్తాయి. 'నాలో ఏమైనా తేడా ఉండేదా' అని తల్లిని అడిగితే 'నీకేం తక్కువ' అంటుంది. అది సాక్ష్యం కాదు, ప్రేమ. విశేషణాలను అడగకూడదు, సంఘటనలను అడగాలి. సంఘటనకు కాలం కట్టాలి: చెల్లెలు పుట్టకముందా, బడిలో వేసినాకనా, ఏ పని కాలంలో? చెప్పినదాన్ని చెప్పినట్టే వారి మాటల్లో రాసుకోవాలి. 'శబ్దాన్ని భరించలేకపోవడం' అని రాస్తే అప్పటికే నిర్ధారణ చేసేసినట్టు. 'డప్పు సప్పుడు ఇంటే దూలం కింద దూరేటోడు' అని రాస్తే వైద్యుడు ఆలోచించుకుంటాడు. ఇద్దరిని విడివిడిగా అడగాలి. మన అనుమానానికి ఎదురునిలిచే సంఘటనలను కూడా దాచకుండా రాయాలి. వ్యాసకర్త పుస్తకంలో అలాంటివి మూడు ఉన్నాయి. బావలతో పరాచకాలాడి నవ్వించేవాడినని మేనత్త గట్టిగా చెప్పింది.

ఈ ప్రాంతంలో ఒక జాగ్రత్త తప్పనిసరి. 'బడికి పోయిన ఏడాదంతా మాట్లాడలేదు' అన్న వాక్యాన్ని ఇల్లు ఏ భాషది అన్న ప్రశ్న లేకుండా తీసుకోకూడదు. కోయ ద్రావిడభాష, లంబాడీ ఇండో ఆర్యభాష. ఇంట్లో వాటిలో గలగలా మాట్లాడే పిల్ల తెలుగు బడిలో కూర్చొని మూగబోతే అది భాష మారడంవల్ల వచ్చిన మౌనం. ఇంట్లో, గూడెంలో, తన ఈడు పిల్లల మధ్య ఎలా ఉండేదో అడిగి తెలుసుకుంటే తప్ప ఆ మౌనానికి అర్థం చెప్పలేం. హైదరాబాదులోని వైద్యుడికి ఈ సంగతి తట్టకపోవచ్చు, రాసి తీసుకుపోవాలి.

వ్యాసకర్త గత వేసవిలో తల్లిని వారం రోజులపాటు, పనులు చేసుకుంటూనే, కొద్దికొద్దిగా అడిగాడు. తునికాకు కట్టకు యాభై ఆకులు. "నలభై తొమ్మిది ఉన్నా ఇప్పేటోడివి, యాభై ఒకటి ఉన్నా ఇప్పేటోడివి. మళ్ల మొదటి నుంచి లెక్కపెట్టి కట్టేటోడివి. అందరు కల్లంల కట్టలు ఇచ్చి ఇంటికొచ్చినా నువ్వు లేసేటోడివి కాదు" అంది. ఆమె దాన్ని గొప్పగానే చెప్పింది. లెక్క తప్పని పిల్లవాడని కల్లందారు మెచ్చుకొనేవాడట. ఇలా పదకొండు సంఘటనలు పోగయ్యాయి. ఏడవది, వానపడుతున్నా రోజూ పోయే దారి తప్ప వేరే దారిన రానని వాగు ఒడ్డున కూర్చున్న పిల్లవాడిది. తిరిగి చదివి వినిపిస్తే ఆమె ఆపింది. "అది నువ్వు కాదు బిడ్డా, మీ మామ" అంది.

ఆమె తమ్ముడు. ఊళ్లో అందరూ ఎడ్డోడనేవారు. బడికి పంపలేదు, పెండ్లి చేయలేదు, పశువుల వెంట పంపారు. ప్రతి ఆవు ఏ రోజు ఈనిందో చెప్పేవాడట. వ్యాసకర్తకు బుద్ధి తెలియకముందే చనిపోయాడు. ఆటిజంలో వంశపారంపర్యం పాలు ఎక్కువని, సుమారు 80 శాతమని 2019లో అయిదు దేశాల సమాచారంతో జరిగిన అధ్యయనం అంచనావేసింది. అందువల్ల వైద్యుడు కుటుంబచరిత్ర అడుగుతాడు. ఆ అంశం కింద రాయడానికి ఇంతకాలం ఏమీ లేదనుకొన్న చోట ఇప్పుడు ఒక పేజీ నిండింది. ఆ పేజీలో మామ పేరు ఉంది, ఎడ్డోడు అన్న మాట లేదు. పుస్తకంతోపాటు అమ్మ కూడా వస్తానంది. పత్తి ఏరడం అయ్యాక వెళదామని అనుకున్నాం.